గోష్ఠి మన వారసత్వం

(కడోదరాలో వేసవి ఉపన్యాసాల ముగింపు సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏప్రిల్ 14న బాబాసాహెబ్ జయంతి నాడు ప్రారంభమైన ఈ వేసవి ఉపన్యాసాలు నేటి వైశాఖ పూర్ణిమతో ముగుస్తున్నాయి. పౌరధర్మం, నీతి, సంస్కృతి అనే మూడు విషయాలపై వక్తలు తమకు తెలిసినది మన ముందుంచారు. ముగింపు మాటలు చెప్పే బాధ్యతను నిర్వాహకులు మాకు అప్పగించారు. చరిత్ర బోధించేవారము కనుక చరిత్ర ఆధారంగానే మాట్లాడతాము. అంతకుముందు గత వేసవిలో ఇదే ఆవరణలో జరిగిన ఒక సంగతి చెప్పవలసి ఉన్నది.

ఆనాడు మేము అష్టాంగ మార్గం గురించి గంటన్నరసేపు మాట్లాడాము. చప్పట్లు మోగాయి, వందన సమర్పణ జరిగింది, సభ ముగిసింది. చెప్పులు వేసుకుంటున్న సమయంలో కరీంనగర్ వైపు నుండి వచ్చి ఇక్కడ మరమగ్గం నడుపుతున్న ఒక సోదరుడు దగ్గరకు వచ్చి ఇలా అడిగాడు: "సార్, పన్నెండు గంటలు సాంచ మీద నిలబడేటోనికి సమ్యక్ ఆజీవం అంటే ఏంది? అడుగుదామనుకున్న. అప్పటికే సభ ఒడిసింది."

మా వద్ద అప్పుడు సమాధానం లేకపోయింది. ఏదో చెప్పి తప్పించుకున్నాము. ఆ సోదరుడు రాత్రి పాళికి వెళ్ళిపోయాడు. ఏడాదిగా ఆ మాట మమ్మల్ని వెంటాడుతున్నది. అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి శ్రామికుని జీవనం గురించి. రెండవది మన సభ గురించి. అడగవలసినవానికి అడిగే చోటు లేని సభను ధమ్మసభ అనవచ్చునా? రెండవ ప్రశ్నతో మొదలుపెడతాము.

వేసవిలో వరుసగా ఉపన్యాసాలు ఏర్పాటు చేసే సంప్రదాయం పశ్చిమ భారతంలో పాతదే. 1875లో పుణేలో మహాదేవ గోవింద రానడే వసంత వ్యాఖ్యానమాలను ప్రారంభించారు. అది గొప్ప పని, దానిని గౌరవిద్దాము. అయితే అదే నగరంలో అంతకు రెండేళ్ళ ముందు, 1873 సెప్టెంబరు 24న, మహాత్మా జోతిరావు ఫూలే సత్యశోధక సమాజాన్ని స్థాపించారు. అక్కడ మాట్లాడవలసినవారు పండితులే కానక్కరలేదు. రైతు, తోటమాలి, కూలి సైతం సత్యాన్ని శోధించవచ్చునని ఆ పేరే చెబుతున్నది. ఆ సమాజానికి ముంబయిలో అండగా నిలిచినవారిలో పని వెతుక్కుంటూ అక్కడకు చేరిన తెలుగు కుటుంబాలవారు ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగూ వంటి పేర్లు సత్యశోధక చరిత్రలో నిలిచిపోయాయి. పొట్టకూటికి పరాయి ప్రాంతం వెళ్ళిన తెలుగువారు అక్కడి సంస్కరణోద్యమానికి ఆసరా కావడం మనతో మొదలైనది కాదని గుర్తుంచుకోవాలి.

మన నేలపైన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలిని స్థాపించారు. చదువు దొరకని పేటలలోకి హరికథల ద్వారా విషయాన్ని తీసుకువెళ్ళారు. తన జనానికి ఏ రూపం చెవికి ఎక్కుతుందో ఆ రూపాన్నే ఆయన ఎన్నుకున్నారు. బాబాసాహెబ్ నాగపూర్ దీక్షకు దశాబ్దాల ముందే ఆయన హైదరాబాదులో బుద్ధ జయంతిని జరిపించారు. మనం ఈరోజు జరుపుకొంటున్న వైశాఖ పూర్ణిమకు తెలుగు దళితుల చరిత్రలో అంత పాత స్థానమున్నది.

ఇంకా వెనుకకు వెళదాము. గుంటూరు ప్రాంతంలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో ధాతు కరండాలు బయటపడ్డాయి. క్రీస్తుపూర్వం నాటి ఆ కరండాలపై లిపి చెక్కి ఉన్నది. అందులో 'గోఠి' అనే మాట వస్తుంది. అదే మన గోష్ఠి. ఒక పనికోసం కూడి, కలిసి నిర్ణయించి, కలిసి ఖర్చు భరించిన జనసమూహం అని దాని అర్థం. బుద్ధుని ధాతువును భద్రపరచిన తొలి తెలుగు నేల సాక్ష్యంలో రాజు పేరుతో పాటు గోష్ఠి సభ్యుల పేర్లు, నిగమ సభ్యుల పేర్లు వరుసగా ఉన్నాయి. అమరావతిలో పూర్ణఘటం చెక్కిన ఒక ఫలకాన్ని దానం చేసినవాడు విధికుడు. అతడు నాగుడనే ఉపాధ్యాయుని కుమారుడు, వృత్తిరీత్యా చర్మకారుడు. తన కుటుంబంతో కలిసి, తన వృత్తిని దాచుకోకుండా, మహాచైత్యం రాతిమీద పేరు చెక్కించుకున్నాడు. తరువాతి శతాబ్దాలు ఆ వృత్తివారిని ఊరి వెలుపల నిలబెట్టాయి. ధమ్మం మాత్రం ఆనాడు అతని పేరును స్తూపం మీద నిలిపింది. బౌద్ధం స్వీకరించడం మనకు కొత్త ఇంట్లో చేరడం కాదని, పోగొట్టుకున్న ఇంటికి తిరిగి రావడమని చెప్పినప్పుడు మేము విధికుని తలచుకుంటాము.

తథాగతుడు వజ్జుల గురించి చెప్పిన మాట మీకు తెలిసినదే. వారు తరచుగా సమావేశమవుతున్నంతకాలం, కలిసి కూడి కలిసి లేస్తున్నంతకాలం వారికి వృద్ధియే గాని హాని లేదని ఆయన అన్నారు. అదే నియమాన్ని భిక్షుసంఘానికీ వర్తింపజేశారు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ బాబాసాహెబ్ ఈ సంఘాన్నే గుర్తుచేశారు. తీర్మానాలు, కోరం, ఓట్ల లెక్కింపు వంటి పార్లమెంటరీ పద్ధతులు భిక్షుసంఘాలకు తెలుసునని, ఈ దేశం ఆ పద్ధతిని పోగొట్టుకున్నదని హెచ్చరించారు. కనుక సభ అంటే ఒకరు చెప్పగా వందమంది వినడం కాదు. ప్రతివానికీ నోరున్న చోటే సభ. గత వేసవిలో మేము చేసినది ఉపన్యాసమే గాని గోష్ఠి కాదు. ఆ లోపం మాదే.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. దానికి పౌరధర్మమూ నీతీ రెండూ కావాలి.

మనం బ్రతుకుతున్న ఈ గుజరాత్ రాష్ట్రంలోనే, జునాగఢ్ వద్ద గిర్నార్ కొండ దారిలో ఒక పెద్ద బండ ఉన్నది. దానిపై అశోకుని పద్నాలుగు శాసనాలున్నాయి. అదే బండపై క్రీ.శ. 150 నాటి రుద్రదాముని శాసనం ఉన్నది. చంద్రగుప్త మౌర్యుని కాలంలో కట్టిన సుదర్శన తటాకానికి అశోకుని కాలంలో కాలువలు ఏర్పడ్డాయి. తరువాత తుఫానుకు కట్ట తెగిపోయింది. దానిని తిరిగి కట్టించిన రుద్రదాముడు ప్రజలపై పన్ను వేయలేదని, వారిచేత విష్టి చేయించలేదని, తన కోశం నుండే వ్యయం చేశానని చెప్పుకున్నాడు. విష్టి అన్నది మన వెట్టియే. రాజు గొప్పలు చెప్పుకోవడం ఎరిగినదే. అయినా వెట్టి చేయించకపోవడం గొప్పగా చెప్పుకోదగిన సంగతి అయిందంటే, వెట్టి తప్పని ఆ కాలపు మనసుకు తెలుసునన్నమాట.

తెలిసినా అది పోలేదు. మన చౌరస్తా నుండి తూర్పుగా వెళ్ళే రోడ్డు బార్డోలీకి పోతుంది. 1928లో అక్కడి రైతులు వల్లభాయి పటేల్ నాయకత్వంలో భూమిశిస్తు పెంపును ఎదిరించి గెలిచారు. ఆ పొలాలలోనే హాళీలుగా కట్టుబడి పనిచేస్తున్న దుబ్లా కూలీలకు ఆ గెలుపు విముక్తి కాలేకపోయింది. తెలంగాణలో వెట్టి చూసిన తాతల మనవలము మనం. ఒక పోరాటం గెలిచినప్పుడు దాని అడుగున ఎవరు మిగిలిపోయారని అడగడమే పౌరధర్మం.

నీతి మాట చూద్దాము. రాజగృహంలో సిగాలుడనే గృహస్థుని కుమారుడు తడిబట్టలతో ఆరు దిక్కులకు మ్రొక్కుతుండగా బుద్ధుడు చూశాడు. దిక్కులంటే మన చుట్టూ ఉన్న మనుషులని అతనికి బోధించాడు. తల్లిదండ్రులు, గురువులు, భార్యాబిడ్డలు, మిత్రులు, పనివారు, శ్రమణ బ్రాహ్మణులు ఆ ఆరు దిక్కులు. పనివారు అడుగు దిక్కు. వారి పట్ల యజమానికి ఐదు విధులున్నాయి. శక్తికి తగిన పని ఇవ్వాలి. తిండి, కూలి ఇవ్వాలి. జబ్బు పడితే చూడాలి. రుచికరమైనది దొరికితే పంచుకోవాలి. వేళకు విడిచిపెట్టాలి. పనివారు కూడా పనిని శ్రద్ధగా చేయాలి, ఇవ్వనిది తీసుకోకూడదు. ఈ విధులు ఇరువైపులా ఉన్నాయి. ఒక వైపే మోయవలసినవి కావు.

ఆ సోదరునికి మా సమాధానం ఇది. ఉపాసకుడు చేయరాదని బుద్ధుడు చెప్పిన వ్యాపారాలు ఐదు: ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. నేత అందులో లేదు. లోకానికి బట్ట నేసేవాని ఆజీవం సమ్యక్కే. తప్పు అతని చేతిలో లేదు, అతన్ని నిలబెట్టిన గంటలలో ఉన్నది. వేళకు విడిచిపెట్టడమనే ఐదవ విధి తప్పిన చోట సమ్యక్ ఆజీవం చెడినది యజమానికి. ఇది బోధగా మాత్రమే మిగలకూడదని బాబాసాహెబ్‌కు తెలుసు. 1942 నుండి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యునిగా ఉన్న ఆయన కృషితో 1946 సవరణ చట్టం ఫ్యాక్టరీలలో వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆ పరిమితినే నిలిపింది. సుత్తంలోని నీతి చట్టంలోకి వచ్చింది. చట్టం నుండి కార్ఖానాలోకి ఇంకా రావలసి ఉన్నది. మీటరు లెక్కన పగారు తీసుకునేవానికి గంట తగ్గితే కూలి తగ్గుతుంది. అందుచేత గంటల మాట, రేటు మాట కలిపే అడగాలి.

మరొక మాట కఠినమైనదైనా చెప్పక తప్పదు. ఇక్కడ సాంచ నడిపిన తెలుగువారిలో కొందరు నేడు సాంచాల యజమానులయ్యారు. అందుకు సంతోషిద్దాము. మన త్రిశరణ పంచశీలాలలో వారూ గొంతు కలుపుతున్నారు. ఆ ఐదు విధులు వారి గోడమీద కూడా ఉండాలని ఈ వేదికపై నుండి కోరుతున్నాము.

సంస్కృతి విషయంలో ఒక్క మాట. గిర్నార్ బండపై ఉన్న ఆ పద్నాలుగు అశోక శాసనాలే కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండ మీద కూడా ఉన్నాయి. రాష్ట్రాలు వేరైనా వాచకం ఒకటే. పన్నెండవ శాసనంలో అశోకుడు తన మతాన్ని పొగుడుకొని ఇతరులను నిందించవద్దని, ఒకరి ధమ్మాన్ని ఒకరు వినాలని, అందరూ బహుశ్రుతులు కావాలని కోరాడు. బహుశ్రుతుడంటే ఎక్కువ విన్నవాడు. మన పిల్లలు బడిలో గుజరాతీ, వీధిలో హిందీ మాట్లాడుతున్నారు. తెలుగు ఇంటి గడప దాటడం లేదు. ఇందుకు వారిని నిందించవద్దు. ఈ ఊళ్ళో వారికి వినడానికి రెండు నేలల ధమ్మం ఉన్నది. గుజరాతీ చదవగల బిడ్డ గిర్నార్ గురించి చదివి, తెలుగులో అమ్మమ్మకు చెప్పగలిగితే మన సంస్కృతి నిలిచినట్లే.

చివరగా, వచ్చే వేసవికి నాలుగు సూచనలు సభ ముందుంచుతున్నాము. ప్రతి ఉపన్యాసమూ రెండుసార్లు జరగాలి: పగటి పాళివారికి సాయంత్రం, రాత్రి పాళివారికి ఉదయం. వక్తకు సగం సమయం, సభికుల ప్రశ్నలకు సగం సమయం కేటాయించాలి. ప్రతి వారమూ కనీసం ఒక ఉపాసిక వక్తగా ఉండాలి. అమరావతి దాతలలో స్త్రీల పేర్లు ఎన్నో ఉండగా మన కరపత్రంలో ఒక్కటీ లేకపోవడం సబబు కాదు. పెళ్ళిళ్ళకు, సెలవులకు స్వగ్రామం వెళ్ళేవారు ఇక్కడి నుండి ఒక ప్రశ్నను వెంట తీసుకువెళ్ళి, అక్కడి సమాధానంతో తిరిగి రావాలి.

కేసపుత్తంలో కాలాములు బుద్ధుని ముందు తమ సందేహాన్నే ఉంచారు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదన్నారు. సందేహించడం తగినదేనని ఆయన వారితో అన్నాడు. ధమ్మం మనకు అటువంటి సందేహం ద్వారానే వచ్చింది. కనుక మా ప్రసంగాన్ని ఇక్కడ ఆపి, మిగిలిన సమయాన్ని మీకు అప్పగిస్తున్నాము. గత వేసవి నాటి సోదరుడు ఈ సభలో ఉంటే మొదటి ప్రశ్న అతనిదే. పాళిలో ఉండి రాలేకపోతే, అతని ప్రశ్నను ఇక్కడున్నవారెవరైనా అడగండి.

భవతు సబ్బ మంగళం. నమో బుద్ధాయ. జై భీమ్.