అరిగిన రాళ్లు చూపిన దారి
(జంషెడ్‌పురమున ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ ఉగాది సభలో ఏదైన ఒక సాహిత్య విషయమును గూర్చి ప్రసంగింపుమని మన సంఘ కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించిరి. నేను బి.ఏ.లో చరిత్ర చదివినవాడనే కాని పండితుడను కాను. ఇరువది యేండ్లకు పైబడి సచివాలయములో దస్త్రములు వ్రాయుటయే నా వృత్తి. కవుల సంగతి నాకంటె బాగుగా ఎరిగినవారు ఈ సభలోనే పలువురు కలరు. కావున చదివిన విషయమును విడిచి, కాళ్లతో నడచిన విషయము నొకదానిని మనవి చేయుదును. దానికి ముందు మాత్రము ఒక చదువు ముచ్చట చెప్పక తప్పదు.

రెండేండ్ల క్రిందట నేను జ్వరపడి మంచము పట్టియుండగా, కాలక్షేపమునకై ఒక మిత్రుడు నాకొక పుస్తకము తెచ్చి యిచ్చెను. అందులో ఇంగ్లండులోని పెన్నైన్ వే అను కాలిబాట వర్ణన ఉన్నది. ఆ బాట డెర్బీషైరులోని ఈడేల్ గ్రామమున మొదలై, ఆ దేశమునకు వెన్నెముక వంటి కొండల వెంబడి ఉత్తరముగా సాగి, స్కాట్లండు సరిహద్దు దాటి ఒక చిన్న పల్లెలో ముగియును. పొడవు 268 మైళ్లు, అనగా 431 కిలోమీటర్లు. అది బండ్ల బాట కాదు. గొఱ్ఱెల మేత పొలముల నడుమ, రాతి గోడల ప్రక్కగా, అడుగు వేసిన దిగబడు నల్లని బురద నేలల మీదుగా పోవు నరుల బాట. దారి చీలిన చోట్ల ఒక కొయ్య స్తంభమో, పసుపు పచ్చని బాణపు గుర్తో, ఓక్ కాయ బొమ్మయో ఉండును. కొత్తవాడు ఎవరిని అడుగకయే ఆ గుర్తులను పట్టుకొని దినములకొలది నడచిపోవచ్చును.

ఇది చదివి నేను మొదట అనుకొన్నది ఇంతే: వారు ధనవంతులు, వారికి తీరిక గలదు, కావున సరదాకు దారులు వేసికొనిరని. ముందుకు చదివిన కొలదిని నా తలంపు తప్పని తెలిసినది. ఆ కొండలలో పెక్కు భాగము భూస్వాముల వేట భూములు. సామాన్యుడు అడుగు పెట్టిన కావలివారు తరుముచుండిరి. 1932 ఏప్రిల్ 24వ తేదీన మాంచెస్టరు ప్రాంతపు శ్రామిక యువకులు కొన్ని వందలమంది గుంపుగా కిండర్ స్కౌట్ అను కొండ మీదికి నడచిరి. కావలివారితో పెనుగులాట జరిగెను. ఐదుగురు చెరసాలకు పోయిరి. 1935లో టామ్ స్టీఫెన్‌సన్ అను పాత్రికేయుడు ఇటువంటి పొడవైన పచ్చని బాట యొకటి మన దేశమునకు వలయునని పత్రికలో వ్రాసెను. 1949లో చట్టము వచ్చినది. బాట తెరచినది 1965 ఏప్రిల్ 24న. ఒక వ్యాసము ఒక దారిగా మారుటకు ముప్పది యేండ్లు పట్టెనన్నమాట. మన దస్త్రములు ఆలస్యమగునని విసుగుకొనువారు ఈ లెక్కను గమనింప వేడుచున్నాను.

ఆ పుస్తకములోని మరియొక సంగతి నా మనస్సున నాటుకొన్నది. బురద నేలలలో జనుల పాదముల క్రింద నేల చెదరిపోవుచుండగా, పడగొట్టిన పాత నూలు మిల్లుల లోపలి నాపరాళ్లను తెచ్చి ఆ బాట మీద పలుచోట్ల పరచిరట. ఒకనాడు కార్మికులు నిలబడి పనిచేసిన రాళ్లే నేడు పాదచారుల క్రింద ఉన్నవి. కర్మాగారపు నీడలో బ్రదుకు మనవంటివారికి ఈ మాట చక్కగా తెలియును.

పుస్తకము మూసి పడుకొంటిని గాని నిద్ర పట్టలేదు. మా నాన్నగారు గుర్తుకు వచ్చిరి.

మాది కర్నూలు సీమ. మా నాన్నగారు యౌవనమున ఆత్మకూరు దాటి నల్లమల అడవిలో కాలినడకను శ్రీశైలము పోయి వచ్చినవారు. ఆ దారి వారి నోట నేను చిన్ననాట కథగా విన్నాను. వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారము. ఈ పేర్లను వారు ఎక్కము చెప్పినట్లు వరుస తప్పక చెప్పెడివారు. "ఒక్కసారి నీవును నాతో నడువవలె నాయనా" అనెడివారు. నేను ఢిల్లీలో ఉద్యోగములో చేరిన తరువాత ఏటేట ఉగాదికి ముందు వారి కార్డు వచ్చెడిది: "ఈ యేడైనను సెలవు దొరకునా?" నేను మర్యాదగనే బదులు వ్రాసెడివాడను. ఈ సంవత్సరము పని ఒత్తిడి గలదనియు, వచ్చే సంవత్సరము తప్పక ఆలోచింతుననియు. ఇప్పుడు ఆ ఉత్తరములు తలచుకొన్న సిగ్గు కలుగును. కన్నతండ్రికి కూడ నేను దస్త్రము మీద వ్రాసినట్లే వ్రాసితిని. వారు పోయిన పిమ్మట వారి పెట్టెలో నా జాబులన్నియు దారముతో కట్టబడి దొరికినవి. వానిలో "వచ్చే సంవత్సరము" అను మాట ఎన్నిసార్లు కలదో లెక్కపెట్టుటకు నాకు ధైర్యము చాలలేదు.

నిరుడు ఉగాదికి ముందు, నాన్నగారి చేతికఱ్ఱ పట్టుకొని, పదునాలుగేండ్ల మా అబ్బాయిని వెంటబెట్టుకొని, నేను వెంకటాపురమున ఆ దారి పట్టితిని.

ఆ అడవి నేడు పులుల అభయారణ్యము. మహాశివరాత్రికిని ఉగాదికిని మాత్రము అటవీ శాఖవారు యాత్రికులను పోనిత్తురు. ఉగాది దినములలో ఆ దారి నిండ కన్నడ భక్తులే. మల్లికార్జునుని తమ ఇంటి అల్లునిగా భావించు చెంచులకు ఆ అడవి పుట్టినిల్లు. వారు "చెంచు మల్లయ్య" అని పిలుచుకొను ఆ స్వామికొరకే కన్నడిగులు ఎండలో వందల కిలోమీటర్లు నడచి వచ్చుచుందురు. తెలుగువారము బస్సులలో పోయి మధ్యాహ్నమునకు దర్శనము ముగించుకొని వచ్చెదము. ఇది నిందగా అనుట లేదు. నేనును మూడు మారులు అట్లే పోయి వచ్చితిని.

నాగలూటి వీరభద్రాలయము దాటిన తరువాత ఒక చోట బల్ల యొకటి నాటియున్నది. పైన తెలుగు, క్రింద కన్నడము. మా అబ్బాయి దాని ముందు నిలిచి, "నాన్నా, ఇందులో మనది ఏది?" అని అడిగెను.

సోదరులారా, వాడు ఢిల్లీలో పుట్టి జంషెడ్‌పురములో పెరుగుచున్న పిల్లవాడు. తెలుగు మాటాడును; చదువలేడు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. దానిని కూడ నేను "వచ్చే సంవత్సరము" క్రింద ఉంచితిని. కాని ఆ అడవి నడుమ, వాని తాత నడచిన దారిలో, ఆ ప్రశ్న విన్నప్పుడు నా చేతిలోని కఱ్ఱ బరువెక్కినట్లయినది. పైది మనదని చూపి మాటాడక నడచితిని.

ఆ రాత్రి పెద్దచెరువు వద్ద పడుకొంటిమి. ఎవరో దాతలు వండి వడ్డించిన అన్నము తింటిమి. మరునాడు వేకువనే లేచి, జనము కంటె ముందుగా పోవలెనను ఆతురతతో నేను వడివడిగా నడచితిని. ఒక చోట దారి రెండుగా చీలినది. నాకు నాన్నగారి కథలన్నియు కంఠస్థము గదా! సందేహింపక కుడి ప్రక్కకు తిరిగితిని. పావుగంట నడచిన తరువాత మా అబ్బాయి వెనుక నిలిచిపోయి, "నాన్నా, ఈ రాళ్లు అరుగలేదు" అనెను.

నేను అర్థము గాక చూచితిని. వాడు వంగి చేతితో తాకి చూపెను. "నిన్నటినుండి మనము నడచిన రాళ్లు నున్నగా ఉన్నవి. ఇవి గరుకుగా ఉన్నవి. ఇక్కడ ఎవరును నడువరు." నిజమే. అది పశువులో మెకములో నీటికి పోవు జాడ. అక్షరములు చదివిన నేను చూడనిది, అక్షరములు రాని వాడు చదివెను. అంతలో వెనుకనుండి కేక వినవచ్చినది. తలపై మూటతో ఒక కన్నడ వృద్ధురాలు చీలిక వద్ద నిలిచి చేయి ఊపుచున్నది. "ఇదు దారి అల్ల!" అని పిలుచుచున్నది. అబ్బాయి ముఖము వెలిగినది. "దారి అంటున్నది నాన్నా! ఆమె కూడ దారి అనియే అంటున్నది!" మేము వెనుదిరిగి ఆమెను కలిసికొన్న పిమ్మట ఆమె ముందుకు చూపి, "నీరు ఇదె" అని చెప్పినది. ఆ మాట కూడ వానికి చెప్పనక్కరలేకపోయెను. ఆ ముసలమ్మకు తెలుగు రాదు, మాకు కన్నడము రాదు. అయినను దారియు, నీరును ఇరువురకును ఒక్కటే. మిగిలిన నడక అంతయు వాడు నన్ను విడిచి ఆమె వెంటనే నడచెను.

భీముని కొలను లోయలోనికి దిగుటయు, మరల కైలాసద్వారము వరకు ఎక్కుటయు ఈ యాత్రలోని కఠిన భాగము. మెట్లు నిటారుగా ఉన్నవి. ఎఱ్ఱాప్రగడ మహాకవిని ఆదరించిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దమున శ్రీశైలమునకును అహోబలమునకును మెట్లు కట్టించినాడని మనము చరిత్రలో చదివితిమి. పరీక్షలో ఆ వాక్యమునకు నాకు మార్కులు కూడ వచ్చినవి. మోకాళ్లు వణకుచుండగా ఆ కొండ మెట్ల మీద కూర్చున్నప్పుడు కాని ఆ వాక్యము నాకు అర్థము కాలేదు. మెట్టు కట్టించుట యనగా, తాను ఎన్నడును చూడబోని బాటసారి మోకాలికి చేయూత నిచ్చుట.

ఇంగ్లండువారి ఓక్ కాయ గుర్తును ఇప్పుడు మరల తలచితిని. మన అడవి దారిలో అంతటి క్రమబద్ధమైన గుర్తులు లేవు. కాని గుర్తులే లేవనుకొనుట పొరపాటు. నున్నబడిన రాయి గుర్తు. మూడు రాళ్ల పొయ్యిలో చల్లారిన బూడిద గుర్తు. నీటి కుండ ప్రక్కన కూర్చున్న మనిషి గుర్తు. వ్రాత కూడ గుర్తే. 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు శ్రీశైలమును దర్శించి పోవుచు, ప్రతి మజిలీలో ఏ వసతి గలదో, ఏది దొరకునో తన కాశీయాత్ర చరిత్రలో వ్రాసియుంచిరి. తన తరువాత వచ్చు వారికొరకు ఆయన నాటిన గుర్తులవి.

ఇంగ్లండు చట్టములో ఒక నియమము గలదు. జనులు ఒక బాటను ఇరువది యేండ్లు అడ్డులేక, హక్కుగా నడచినచో, అది సాధారణముగా ప్రజల బాటగా పరిగణింపబడును. అనగా అక్కడ పాదములే పత్రములు. మన భాషకు కూడ ఇంతకంటె వేరు చట్టము లేదని నాకు తోచును. గ్రంథాలయములో పుస్తకములుండుట బల్ల నాటుట వంటిది. బల్ల వలయును, కాని ఇంటిలో నడక లేనిచో బల్ల చుట్టును ముళ్లు మొలచును.

ఈ ఊరికి మన పెద్దలు కర్మాగారపు పని వెదకికొనుచు వచ్చిరి. 1919లో దీనికి జంషెడ్‌పురమను పేరు పెట్టక పూర్వము ఇది సాక్చీ పల్లె. వారికి ఇక్కడ బల్లలు లేవు. ముందు వచ్చినవాడు తరువాత వచ్చినవానికి దారి చూపెను. బిష్టుపురములో రామమందిరము కట్టుకొనిరి. మనము ఆ నున్నని రాళ్ల మీదనే నడచుచున్నాము.

కావున ఒక చిన్న మనవితో ముగింతును. మన ఊరి ప్రక్కనే దల్మా కొండ గలదు. ఎత్తు సుమారు 3000 అడుగులు. 193 చదరపు కిలోమీటర్ల అభయారణ్యము, ఏనుగుల నెలవు. కావున అటవీ శాఖవారి అనుమతి లేక, వారు చెప్పిన వేళ దాటి పోరాదు. చలికాలమున ఒక ఆదివారము మన సంఘ కుటుంబము లన్నియు పిల్లలతో కలసి ఆ కొండ ఎక్కుదము. వాహనములు క్రిందనే ఉండును గాక. పిల్లలు ముందు నడుతురు. పెద్దలము వెనుక నడచుచు చెట్టు పేరు, పిట్ట పేరు, రాయి పేరు తెలుగున చెప్పుచుందము. తప్పు దారి పట్టిన వెనుకకు పిలుతము. వారే మనలను పిలిచినను ఆశ్చర్యపడవలదు.

మా అబ్బాయి ఇప్పుడు ఒత్తులు నేర్చుకొనుచున్నాడు. గుణింతము ముగిసినది. వాడు తెలుగున వ్రాసిన మొదటి కాగితము నా చొక్కా జేబులో ఉన్నది. అందులో ఆరు పేర్లు కలవు: వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారము. మఠంబావిలో ఒత్తుల ఠకారము తప్పు పడినది. నేను దిద్దలేదు. వచ్చే సంవత్సరము అని కాదు. ఈ రాత్రి ఇంటికి పోయి, వానిచేతనే దిద్దింతును.