జరిమానా అందరికీ ఒకటే, రాబడి ఒకటేనా?

(సత్తెనపల్లి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రహదారి నియమాలకు మేము వ్యతిరేకులం కామని ముందుగా మనవి చేస్తున్నాము. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి నలభై నలుగురు ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారే. సంపాదించే ఒక్క మనిషి పోతే వీధిన పడేవి పేద కుటుంబాలే. కనుక తప్పుకు శిక్ష ఉండవలసినదే. అయితే ఆ శిక్ష బరువు అందరిపైనా సమానంగా పడుతున్నదా అని విచారించుటకే నేడు సమావేశమైనాము.

2019 సెప్టెంబరు 1న సవరించిన మోటారు వాహనాల చట్టం అమలులోకి వచ్చినది. హెల్మెట్ లేనిచో 1,000 రూపాయలు, దానితోపాటు మూడు నెలలు లైసెన్సుపై అనర్హత. లైసెన్సు లేకుండా బండి నడిపితే పూర్వం 500 వరకు ఉన్న జరిమానా 5,000 అయినది. బీమా లేనిచో మొదటిసారి 2,000, మరల పట్టుబడితే 4,000.

వీటిని కూలితో పోల్చి చూడండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పథకం దినకూలి 307 రూపాయలు. ఆ లెక్కన హెల్మెట్ జరిమానా మూడు రోజుల కూలికి మించినది. లైసెన్సు జరిమానా పదహారు రోజుల కష్టం. నెలకు లక్ష రూపాయలు జీతం పొందే వారికి అదే 1,000 రూపాయలు పూటకూలి కంటె తక్కువ. మోపెడ్‌పై బట్టల మూట కట్టుకొని పల్లెలు తిరిగే చిరువ్యాపారికి అది ఇంటి బియ్యం, పిల్లల ఫీజు. స్వయం ఉపాధిపై, వీధి వ్యాపారంపై ఆధారపడేవారు ముస్లింలలో ఎక్కువని 2006లోనే సచార్ కమిటీ నివేదిక తెలిపినది. కావున ఈ భారం మన వాడలలో మరింత తెలియుచున్నది. కులమతాలు వేరైనా ఆటో డ్రైవర్లకు, హమాలీలకు, కౌలు రైతులకు కూడ ఇదే బాధ.

రాబడిని బట్టి భారం వేయుట ప్రభుత్వానికి తెలియని విద్య కాదు. ఉద్యోగకాలంలో మేము జీతాల బిల్లులు వ్రాసినవారము. మన రాష్ట్రంలో వృత్తి పన్ను 15,000 జీతం వరకు లేదు. 20,000 వరకు 150, ఆపైన 200 రూపాయలు. పన్నులో పాటించిన అంతస్తు జరిమానాలో ఎందుకు ఉండరాదు? ఫిన్లాండు దేశంలో 1921 నుంచి దినాదాయాన్ని బట్టి జరిమానా విధించే పద్ధతి ఉన్నది. 2023లో అక్కడ అతివేగంగా కారు నడిపిన ఒక కోటీశ్వరునికి 1,21,000 యూరోలు పడినది.

మన దేశంలో ప్రతివాని ఆదాయమును రోడ్డుపై లెక్కించుట కష్టమని కొందరు అనవచ్చు. అది నిజమే. కాని చట్టంలోనే దారి ఉన్నది. 210-ఎ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం వాహన తరగతిని బట్టి జరిమానాను ఒకటి నుంచి పది రెట్ల వరకు నిర్ణయించవచ్చును. ఖరీదైన కారుకు, పాత మోపెడ్‌కు ఒకే మొత్తం ఉండనక్కరలేదు. రాజీ రుసుము నిర్ణయించే అధికారం 200వ సెక్షన్ క్రింద రాష్ట్రానిదే. 2019లోనే గుజరాత్ హెల్మెట్ జరిమానాను 500కు తగ్గించినది. తెలంగాణ 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల బకాయి చలాన్లపై నూటికి 75 వంతులు తగ్గించి వసూలు చేసినది. అయితే అప్పుడప్పుడు ఇచ్చే రాయితీ, సకాలంలో చెల్లించిన పేదవానికి అన్యాయమే. మొదటనే న్యాయమైన మొత్తం నిర్ణయించుట మేలు.

కావున మా కోరికలు మూడు. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు తక్కువ రాజీ రుసుము నిర్ణయించవలెను. మొదటి తప్పుకు, అదే సొమ్ముతో కొన్న ఐ.ఎస్.ఐ. హెల్మెట్‌ను చూపినవారికి జరిమానా మాఫీ చేయవలెను. పెద్ద మొత్తాలకు వాయిదాలు ఇవ్వవలెను.

మన వంతు కర్తవ్యమూ ఉన్నది. లైసెన్సు, బీమా లేని బండి మన వాడలో కదలరాదు. మైనరు పిల్లలకు తాళం ఇవ్వరాదు. ఆ తప్పునకు సంరక్షకునికి 25,000 జరిమానాతోపాటు మూడేండ్ల వరకు జైలు కూడ ఉన్నది. రసీదు లేకుండా ఎవరికీ రూపాయి ఇవ్వకండి. చలాను తప్పని తోచినచో వ్రాతపూర్వకంగా ఆక్షేపించండి. నియమం పాటించిన చేతితో వ్రాసిన అర్జీకే బలం ఉండును. ఆ అర్జీపై మీ అందరి సంతకాలు కోరుచున్నాము.

సెలవు.