పన్నునకు బీమా
(ఒక పఠనమందిరమున గావించిన ఉపన్యాసము)



మన భాషలో పన్ను అను మాటకు రెండర్థములు గలవు. ఒకటి మనము ప్రభుత్వమునకు చెల్లించునది. రెండవది మన నోట నుండునది. మొదటి పన్ను నిరుపేద కొను సబ్బుబిళ్లమీదను పడుచున్నది. రెండవ పన్ను పుచ్చినప్పుడు ఆ నిరుపేదకు ప్రభుత్వపు బీమా తోడ్పడుచున్నదా? ఇదియే నేటి విషయము.

2007లో మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీయు, 2018లో దేశమంతటికి ఆయుష్మాన్ భారతమును వెలసినవి. రెండవదానిచే కుటుంబమునకు ఏటికి 5 లక్షల రూపాయల వఱకు చికిత్స లభించును. ఘనకార్యమే. అయితే అది ఆసుపత్రిలో చేరిన రోగికే వర్తించును. పిప్పిపంటి తొఱ్ఱను పూడ్పించుకొనువాడు ఆసుపత్రిలో చేరడు. అరగంట కుర్చీలో కూర్చుండి యింటికేగును. కనుక వానికి బీమా లేదు. పొగాకువలన నోట క్యాన్సరు ముదిరినచో శస్త్రచికిత్సకు ధనము గలదు. తొలిమచ్చను కనిపెట్టగల దంతవైద్యుని దర్శనమునకు లేదు. చేతులు కాలినపిదప ఆకులు పట్టుకొనుట యనగా నిదియే గదా!

పిల్లలకు కొంత ఆసరా కలదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 18 ఏండ్ల వఱకు పిల్లలను పరీక్షించుచు పంటిజబ్బులను గూడ గమనించును. పదునెనిమిది నిండినంతనే ఆ దారము తెగును. పండ్లు మాత్రము నిలిచియే యుండును.

ఇతర దేశములు ఏమి చేసినవి? బ్రిటనులో 1948 జూలై 5వ తేదీన జాతీయ ఆరోగ్యసేవ నెలకొనగా, పిన్నపెద్దలకెల్ల దంతచికిత్స ఉచితమయ్యెను. జనులు వెల్లువవలె వచ్చిరి. ఏండ్లతరబడి నొప్పిని దిగమ్రింగినవారు ఎందఱో అప్పుడు లోకమునకు తెలిసెను. వ్యయము పెరుగగా 1951లో కట్టుడుపండ్లకు రుసుము విధించిరి. ఆ సేవను స్థాపించిన అన్యూరిన్ బెవన్ దానిని సహింపక మంత్రిపదవిని త్యజించెను. నేటికిని ఇంగ్లండున బాలురకు ఉచితమే గాని, పెద్దలలో అనేకులు రుసుము చెల్లింపవలసియే యున్నది.

కెనడా 1966లో వైద్యబీమా చట్టము చేసికొనియు పంటిని విడిచెను. ఆ లోపమును దిద్దుటకు అర్ధశతాబ్దము పైబడి పట్టెను. 2022లో పండ్రెండేండ్ల లోపు పిల్లలకు సహాయధన మిచ్చి, మఱుసటి యేటి చివర కొత్త పథకము నారంభించి, వృద్ధులను, పిదప బాలురను, 2025లో తక్కిన వయోజనులను చేర్చుకొనెను. అదియును దంతబీమా లేనివారికి, కుటుంబాదాయము 90,000 డాలర్లకు లోబడినవారికి మాత్రమే.

ఖజానా చాలదని కొందఱందురు. బ్రిటను వ్యయమునకు ముఖ్యకారణము అంతకుముందు జరిగిన నిర్లక్ష్యమే. ఆలస్యమైనకొలది చికిత్స ప్రియమగును. చిన్న తొఱ్ఱ ఒక్క పూటలో పూడును. అది నరమునంటినచో పలుమార్లు తిరుగవలెను, లేదా పన్నే పెఱుకవలెను. కాబట్టి మొదట పరీక్షను, పూడ్పును, పెఱుకుటను బీమాలో చేర్పుడు; కట్టుడుపండ్లు పిమ్మట రానిండు. పిల్లలతో ఆరంభింపుడు, పెద్దలను మఱువకుడు. పండ్లూడిన కూలివాడు జొన్నరొట్టె నమలలేడు, నమలలేనివాడు పనిచేయలేడు.

మొదటి పన్నును గైకొనుటలో వయోభేదము చూపని ప్రభుత్వము, రెండవ పన్నును కాపాడుటలో మాత్రము ఏల చూపవలెను?