రింగు గట్టిపడితే పనిభారం పెంచాలా?

(సిరొంచలో మిల్లు కార్మికుల తరగతిలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



గోదావరి, ప్రాణహిత కలిసే ఈ సిరొంచ నుండి నూలు మిల్లు పనికి మనవాళ్లు ఊరు దాటి పోవలసిందే. సెలవు మీద వచ్చి ఇంతమంది కూడారు కనుక, మన రింగ్ ఫ్రేముకు సంబంధించిన ఒక కొత్త సంగతి చెప్పుకుందాం. రేపు యాజమాన్యం "అయాన్ ట్రీట్‌మెంట్ చేసిన రింగులు తెచ్చాం, స్పీడు పెంచుతున్నాం" అంటే, అదేమిటో తెలియక మనం తల ఊపకూడదు.

ముందు లెక్క చూడండి. రింగు వ్యాసం 40 మిల్లీమీటర్లు, స్పిండిల్ నిమిషానికి 16,000 చుట్లు తిరిగితే, దాని మీది ట్రావెలర్ దాదాపు గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. చుక్క నూనె ఉండదు. రింగు కాగుతుంది, ట్రావెలర్ అరుగుతుంది, దారం తెగుతుంది. అతుకు వేయడానికి పరుగెత్తేది సైడరే.

ఈ అరుగుదల తగ్గించడానికి ఉక్కు పైపొరను గట్టిపరుస్తారు. ఒక పద్ధతి ప్లాస్మా నైట్రైడింగ్. గాలి తీసేసిన గదిలో కొద్దిగా నత్రజని వదిలి, కరెంటు పెట్టి, సుమారు 500 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచుతారు. గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ దీనిని మన పరిశ్రమలకు అందించింది.

రెండవది అయాన్ కిరణ పద్ధతి. నత్రజని అణువులకు విద్యుదావేశం ఇచ్చి, లక్ష వోల్టుల దాకా ఒత్తిడితో తరిమి, లోహంలోకి దిగగొడతారు. అవి ఇనుప అణువుల మధ్య ఇరుక్కుని పైపొరను బిగిస్తాయి. లోహాన్ని బాగా కాల్చే పని లేదు కనుక కొలతలు మారవు. 1970లలో ఇంగ్లండులోని హార్వెల్ అణు పరిశోధన కేంద్రం దీనిని పనిముట్లకు వాడి చూపింది. తరువాత కృత్రిమ తుంటి కీళ్లకూ వాడారు. అయితే ఆ పొర లోతు మిల్లీమీటరులో పదివేలవ వంతు. మన దూది పోగు మందంలో నూటయాభయ్యో వంతన్నమాట! ఖర్చూ ఎక్కువ. కిరణం సూటిగా పోతుంది కనుక మూలమూలకూ అందదు. కాబట్టి "ఇక అరుగుదలే ఉండదు" అంటే నమ్మకండి.

మేము కొత్త విజ్ఞానానికి వ్యతిరేకులం కాము. ట్రావెలర్లు తక్కువసార్లు మార్చవలసి వస్తే మనకూ మంచిదే. కాని గట్టిపడింది రింగు మాత్రమే, దారం కాదు. స్పీడు నూటికి పది పెంచితే దారం మీద లాగుడు నూటికి ఇరవై దాకా పెరుగుతుంది. అదే పత్తి, అదే నంబరు నూలు అయితే తెగడం పెరగదా? దానికి తోడు సైడులు కూడా పెంచితే ఎవరి కాళ్లు అరగాలి?

యంత్రాల మెరుగుదల వల్ల ఉద్యోగాలు పోయే అవకాశం ఉన్నా, డిపార్ట్‌మెంట్‌లో మనుషుల సంఖ్య మార్చాలన్నా 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షన్‌లో రాశారు. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంచారు. నోరు తెరిచి అడిగితేనే అది అమలవుతుంది.

కనుక ప్రతి మిల్లులో మనం అడగవలసినవి:

1. స్పీడు పెంచే ముందు, పెంచిన తరువాత, 100 స్పిండిళ్లకు గంటలో దారం ఎన్నిసార్లు తెగిందో యూనియన్ ప్రతినిధి ఎదుట లెక్కించాలి.

2. ఆ లెక్క తేలేవరకు సైడులు పెంచరాదు.

3. ఉత్పత్తి పెరిగితే వేతనంలో వాటా ఇవ్వాలి.

ఈ లెక్క ప్రతి షిఫ్టులో మనమూ రాసి పెట్టుకుందాం. కాగితం మీద లెక్క ఉంటే చర్చల్లో మన మాట నిలుస్తుంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!