ఓటు ఎవరి సొత్తు?



2019లో మన నాందేడ్‌లో అశోక్ చవాన్ గారు సుమారు 40 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. ప్రకాశ్ అంబేడ్కర్ గారి వంచిత్ బహుజన్ ఆఘాడీ అభ్యర్థికి లక్షా 66 వేల ఓట్లు పడ్డాయి. ఇంకేముంది, అది బీజేపీకి బీ టీమ్ అనీ, తమ ఓట్లు చీల్చిందనీ కాంగ్రెస్ నాయకులు కోప్పడ్డారు. తమ ఓట్లట! దళితుడి ఓటు వాళ్ల అబ్బసొత్తా? ఆ ఓటు ఎందుకు దూరమైందో వాడకొచ్చి అడగొచ్చు కదా? ఏదెనులో ఆదాము కూడా తప్పు హవ్వ మీదికే నెట్టాడు లెండి.

2024 ఫిబ్రవరిలో చవాన్ గారే బీజేపీలో చేరారు. కొద్ది నెలలకే నాందేడ్ ఓటర్లు కాంగ్రెస్ అభ్యర్థి వసంతరావు చవాన్ గారిని లోక్‌సభకు పంపారు.

ఈసారి ఓట్లడగడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ పాత నింద సంగతి అడగండి.