చికాగో నుంచి దేవరుప్పులకు ఎన్ని గంటలు?



నేను బడిలో భూగోళం చెప్పినవాడిని. అందుచేత మన దేవరుప్పులలో ఎవరి పిల్లలు విమానమెక్కినా లెక్క అడగడానికి నా దగ్గరికే వస్తారు. ఆ లెక్కలో నేను చేసిన ఒక పొరపాటు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

ముందు దూరం సంగతి. గ్లోబు మీద హైదరాబాదుకూ చికాగోకూ మధ్య దారం బిగించి పట్టండి. అది అట్లాంటిక్ సముద్రం మీదుగా పోదు. రష్యా దాటి, ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోయి అటు దిగుతుంది. ఆ దారం కొలత సుమారు 13,300 కిలోమీటర్లు. 2021 జనవరిలో ఎయిరిండియా వారు శంషాబాదు నుంచి చికాగోకు నేరుగా విమానం నడపడం మొదలుపెట్టారు. పదహారు గంటల పైచిలుకు ప్రయాణం. తర్వాత ఆ సర్వీసు ఆగిపోయింది గాని, పదహారు అన్న అంకె నా తలలో ఉండిపోయింది.

ఒక చలికాలం సోమవారం నాడు, తెల్లవారి ఆరు గంటలకు మా బావగారు కాలం చేశారు. కొడుకు చికాగోలో ఉన్నాడు. "పిలగాడు ఎప్పటికి వస్తడు తమ్మీ?" అని అక్క అడిగింది. "పదహారు గంటలే అక్కా, రేపు పొద్దుగాల ఇంట్ల ఉంటడు" అన్నాను. నా మాట మీదనే చుట్టాలకు కబురు పోయింది. ఫ్రీజర్ పెట్టె కూడా ఒక్క రోజుకే మాట్లాడినారు.

మంగళవారమంతా అక్క గడప మీదనే కూర్చుంది. జనగామ రోడ్డున కారు చప్పుడైతే లేచేది. రాత్రి "రేపంటివి గదరా" అన్నది. అంతే, మరో మాట అనలేదు.

మేనల్లుడు బుధవారం పొద్దున పదింటికి వచ్చాడు. దినాలయ్యాక ఇద్దరం కాగితం మీద లెక్క వేశాము. మనం ఫోను చేసినప్పుడు అక్కడ ఇంకా ఆదివారం సాయంత్రం ఆరున్నర. ఆ రాత్రికి టికెట్టు దొరకలేదు. విమానం కదిలేసరికి ఇరవై ఆరు గంటలు గడిచాయి. దుబాయికి పదమూడున్నర గంటలు, అక్కడ ఐదు గంటల పడిగాపులు, మళ్లీ హైదరాబాదుకు మూడున్నర. శంషాబాదులో సామాను తీసుకుని ఇల్లు చేరేసరికి ఇంకో నాలుగు. మొత్తం యాభై రెండు గంటలు. అందులో ఆకాశంలో ఉన్నది పదిహేడే, మిగతా ముప్పై ఐదూ నేల మీదనే! దుబాయి చుట్టుదారి వల్ల పెరిగిన దూరం చూస్తే తొమ్మిది వందల కిలోమీటర్లే, విమానానికి గంట పని. పిల్లవాడు ఆలస్యం చేయలేదు. నా లెక్కే తప్పు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే విమానం గంటలు చెప్పను. టికెట్టు చేతికొచ్చిందా, ఎక్కడ మారాలి, అక్కడ ఎంతసేపు ఆగాలి అని ఫోనులో కనుక్కున్న తర్వాతనే ఇంటివాళ్లకు చెబుతాను. అంతవరకు రెండు రోజులు దాటుతుందనే అనుకోమంటాను. అంతసేపు ఆగలేకపోతే ఎవరు తల కొరివి పెట్టాలో మనం బాగున్నప్పుడే పిల్లలతో మాట్లాడుకుందాం. నేను మా అబ్బాయితో మాట్లాడాను. వాడు కొంచెంసేపు ఫోనులో ఏమీ అనలేదు, తర్వాత సరేనన్నాడు.

గడియారం సంగతి ఒకటి మరిచిపోయాను. చికాగో చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు వెనుక, ఎండాకాలంలో పదిన్నర. రాసి పెట్టుకోండి.