పురపాలక సంఘము – దాని దినచర్య



పురపాలక సంఘమను మాట వినబడినంతనే మనలో పలువురకు స్ఫురించునది ఎన్నికల సందడి. ఎవరు నిలిచిరి, ఎవరు గెలిచిరి, అధ్యక్షపీఠము ఎవరికి దక్కెను అను ముచ్చటలు కాఫీ హోటళ్లయందును, రచ్చబండలయందును నెలల తరబడి సాగును. ఆ సందడి ముగిసిన మఱునాటినుండి అయిదు సంవత్సరములపాటు ఆ కార్యాలయములో జరుగు పని యేమి? అది యెవరి సొమ్ముతో జరుగును? దానికి లెక్క ఎవరు చెప్పవలెను, ఎవరు అడుగవలెను? ఈ ప్రశ్నలు వేసికొనువారు అరుదు. నేటి ప్రసంగమున నేను మనవి చేయదలచినది ఆ నిత్యకృత్యమును గూర్చియే.

ఒక చిన్న పట్టణమును తలచుకొనుడు. ఒక బస్సుస్టాండు, ఒక కూరగాయల మార్కెటు, ఒక ఉన్నత పాఠశాల, ఊరిచివర మంచినీటి చెఱువు. తెల్లవాఱకమునుపే పారిశుద్ధ్య కార్మికులు చీపుళ్లు చేతబట్టి వీధులకు వత్తురు. మనము లేచి వాకిలి తెఱచునప్పటికి వారి పని సగము ముగిసియుండును. కనుకనే మన వీధి నూడ్చువారి ముఖమైనను మనలో పెక్కుమంది యెఱుగరు. నీళ్ల ట్యాంకుకడ నున్న మనిషి వేళకు వాల్వు త్రిప్పినగాని కుళాయిలకు నీరు రాదు. ఏ వీధికి ఏ గంటకు నీరు విడువవలెనో అతనికి కంఠపాఠము. పదిగంటల తరువాత కార్యాలయమునకు పోయి చూడుడు. ఒక బల్లకడ ఇంటిపన్ను కట్టువారు, ఒక బల్లకడ క్రొత్త ఇంటికి ప్లాను మంజూరు కోరువారు, మఱియొకచోట పుట్టిన బిడ్డకో, గతించిన పెద్దకో ధ్రువపత్రము కోరువారు నిలిచియుందురు. సాయంకాలమున వీధిదీపములు వెలుగును. వెలుగని దీపమును గూర్చి మఱునాడు అర్జీ వచ్చును.

వీనిలో ఏ ఒక్కటియు చరిత్రకెక్కు పని కాదు. అయినను ఏ ఒక్కటి నాలుగు దినములు నిలిచిపోయినను ఊరు ఊరుగా నుండదు.

ఇట్టి వ్యవస్థ మన దేశమునకు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాగరికుడను నగరాధికారి కలడు. అతని క్రింద స్థానికులు, గోపులు అనువారు ఉండిరి. గోపుడు తన పాలబడిన పదియో, ఇరువదియో, నలువదియో కుటుంబముల స్త్రీపురుషుల పేర్లను, వృత్తులను, ఆదాయవ్యయములను ఎఱిగియుండవలెను. వీధిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు, బురదనీరు నిలువజేసినవానికి నాలుగవ వంతు జుల్మానా, రాజమార్గమైనచో రెట్టింపు. మురుగు కాలువకు అడ్డము వేసిన పొరుగువానితో వేగలేక మనమిప్పుడు పడుచున్న పాట్లు ఆ కాలమువారును పడిరని దీనివలన తెలియుచున్నది.

కాంచీపురమునకు సమీపముననున్న ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుని నాటి శాసనములు కలవు. అవి క్రీస్తుశకము 919, 921 సంవత్సరముల ప్రాంతమువి. చెఱువును చూచుట కొక సంఘము, తోటలను చూచుట కొక సంఘము అచట ఏర్పడియుండెను. అర్హుల పేర్లు తాటియాకులపై వ్రాసి, కుండలో వేసి, చిన్న బాలునిచేత తీయించి సభ్యులను ఏర్పఱచుచుండిరి. ఆ నియమములలో ఒకటి మనము నేటికిని గుర్తుంచుకొనదగినది: అంతకుముందు సభ్యుడై యుండి లెక్క అప్పగింపనివాడును, వాని దగ్గఱి బంధువులును మఱల ఆ పదవికి అర్హులు కారు. ఊరి సొమ్ము ముట్టినవాడు ఊరికి లెక్క చెప్పవలెనను ధర్మము వేయేండ్లకు పూర్వమే ఱాతిపై చెక్కబడినది.

ఇప్పటి రూపమున ఈ సంఘములు ఆంగ్లేయుల యేలుబడిలో ఏర్పడినవి. మన తెలుగునాట భీమునిపట్టణమున 1861లోనే పురపాలక సంఘము వెలసెను. 1865లో చెన్నపట్టణ ప్రభుత్వము పట్టణాభివృద్ధి చట్టమును చేయగా, 1866లో గుంటూరు, రాజమహేంద్రవరము, కాకినాడ, బందరు మొదలగు పట్టణములకు సంఘము లేర్పడెను. 1882లో రిప్పన్ ప్రభువు ప్రకటించిన తీర్మానముతో, స్థానిక పాలనము ప్రజలకు రాజకీయ శిక్షణము నిచ్చు పాఠశాలవంటిదను భావమునకు బలము కలిగెను. 1884లోను, 1920లోను క్రొత్త చట్టములు వచ్చెను. అయినను ఆనాడు ఓటుహక్కు కొందఱికే. అధికారుల పెత్తనము మిక్కుటము.

ఆ పెత్తనము ఎంతవఱకు పోయినదో తెలిపెడి కథ మన చీరాల-పేరాలలో జరిగినది. ఆ గ్రామములు రెండును మొదట ఒక యూనియనుగా నుండెను. అచటివారిలో నేతపనివారు, చిన్న రైతులు పెక్కుమంది. 1919లో ప్రభుత్వము ఆ యూనియనును పురపాలక సంఘముగా మార్చెను. అంతకుమునుపు ఏటికి రమారమి 4,000 రూపాయలుగా నున్న పన్ను 40,000 రూపాయల వఱకు పెరుగునట్లయ్యెను. మాకీ సంఘము వలదని ప్రజలు మొఱపెట్టుకొనిరి. ఎన్నికైన సభ్యులు రాజీనామాలిచ్చిరి. పన్ను కట్టమన్నవారిలో కొందఱు చెఱసాలకు పోయిరి. 1921 ఏప్రిలులో మహాత్ముడు చీరాలకు వచ్చి, శాంతముగా పన్ను నిరాకరించుట యొక మార్గమనియు, ఊరు విడిచి పురపాలక సంఘపు ఎల్లలకు ఆవలికి పోవుట మఱియొక మార్గమనియు సూచించెను. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు రెండవదానినే యెన్నుకొనిరి. ఇండ్లువాకిళ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకును వానకును ఓర్చి రమారమి పదునొకండు నెలలు అచటనే కాపురముండిరి. గోపాలకృష్ణయ్యగారికి ఏడాది శిక్ష పడెను. నడిపించువారు లేక, చేతిలో ధనము లేక, జనులు తుదకు ఇండ్లకు మఱలవలసివచ్చెను.

ఈ కథను పన్ను ఎగవేయుటకు సమర్థనముగా గైకొనువారు పొరబడుచున్నారు. చీరాలవారు పారిశుద్ధ్యము వలదనలేదు. తమ మాట వినకుండ, తమ శక్తిని చూడకుండ, తమ నెత్తిన పెట్టిన బరువును కాదనిరి. పన్ను ఎంత, దేనికి, ఎవరి సమ్మతితో అనునదే వారి ప్రశ్న. ఆ ప్రశ్న అడుగుటకు వారు కట్టుబట్టలతో ఊరు విడువవలసివచ్చినది. మనకు ఆ యవసరము లేదు.

ఏలయన, 1992లో చేయబడి 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణముతో పురపాలక సంఘమునకు రాజ్యాంగమునందే స్థానము లభించెను. అయిదేండ్ల కాలపరిమితి, స్త్రీలకు మూడవ వంతునకు తక్కువగాని స్థానములు, పండ్రెండవ షెడ్యూలున పదునెనిమిది విషయముల పట్టిక, ఇవన్నియు అందు చేరినవి. పదునెనిమిదేండ్లు నిండిన ప్రతి పౌరునకు ఓటు కలదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము, మన వీధి కాలువకు ఎంత మంజూరైనది, ఎంత ఖర్చయినది అని ఒక కాగితముపై వ్రాసి అడిగినచో, సామాన్యముగా ముప్పది దినములలో బదులు రావలెను. రామనగరమున పాకలలో నుండినవారికి ఈ సాధనములలో ఒక్కటియు లేదు. అన్నియు గల మనలో ఎందఱు వానిని చేతబట్టుచున్నాము?

కౌన్సిలు సమావేశమును చూడుడు. ఎజెండాలో పదులకొలది అంశము లుండును. మార్కెటు ఆశీళ్లు వేలమువేయుట, మోటారు మరమ్మతు, బ్లీచింగు పొడి కొనుగోలు, ఫలానా వీధికి సిమెంటు కాలువ, ఇట్లు వరుసగా వచ్చును. ఒక్కొక్కటి చదువగా 'ఆమోదించడమైనది' అని మినిట్సు పుస్తకమున వ్రాయుదురు. ఈ ఒక్క మాట వెనుక మన ఇంటిపన్ను కలదు. వేలమున పాట తగ్గినచో ఆ లోటు మఱియొక రూపమున మనమీదనే పడును. కాలువకు వాటము సరిగా చూడనిచో ఆ నీరు మన గుమ్మముకడనే నిలుచును. కనుక ఎజెండాలో తన వీధిని గూర్చి ఏమున్నదో తన వార్డు సభ్యుని ముందుగా అడిగి తెలిసికొను పౌరుడు ఊరికి మేలు చేసినవాడే. తీర్మానమైన పిమ్మట కేకలు వేయుటకన్న తీర్మానమునకు ముందు ఒక ప్రశ్న అడుగుట మేలు.

ఉపాధ్యాయుడను గనుక ఇంకొక పుస్తకమును గూర్చి చెప్పక యుండలేను. అది జననమరణముల రిజిష్టరు. నా ఉద్యోగకాలమున బడిలో చేర్చుటకు బిడ్డను తెచ్చిన తల్లిదండ్రులను పుట్టిన తేదీ అడిగినచో, 'పెద్దగాలివాన వచ్చిన యేడండీ' అనియు, 'వాళ్ల అక్క పెండ్లినాటికి చంటిబిడ్డండీ' అనియు చెప్పినవారు అనేకులు. అట్టి బిడ్డలకు బడులలో జూన్, జూలై నెలల తేదీ ఏదో యొకటి వ్రాయుట ఆ కాలపు వాడుక. ఒకే తరగతిలో సగము మంది ఒకేనాడు పుట్టినట్లు కానవచ్చుటకు కారణ మిదియే. ఆ తేదీయే తరువాత ఉద్యోగమునకును, పదవీవిరమణకును, పింఛనుకును ఆధారమగును.

1969 నాటి చట్టము ప్రకారము జననముగాని మరణముగాని ఇరువదియొక దినములలోపల తెలియజేయవలెను. ఆసుపత్రిలో జరిగినచో ఆసుపత్రివారును, ఇంట జరిగినచో ఇంటిపెద్దయు తెలుపవలెను. బిడ్డకు నామకరణము కాలేదని ఆగనక్కఱలేదు. పేరు తరువాత చేర్పించుకొనవచ్చును. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలసియుండును. 2023 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన సవరణము ననుసరించి, ఆ తేదీనుండి పుట్టినవారికి బడిలో చేరుట మొదలు ఎన్నో పనులకు జనన ధ్రువపత్రమే ఆధారము. మరణమును నమోదు చేయింపని యింట, భర్తను కోల్పోయిన ఆడుబిడ్డ పింఛను కొఱకు, బ్యాంకులోని నాలుగు రూపాయల కొఱకు ఎన్ని మెట్లెక్కి దిగవలెనో నేను కన్నులార చూచితిని. దుఃఖమున మునిగియున్న ఇంటికి పోయి, 'అమ్మా, ఈ కాగితము మఱువకుము' అని మెల్లగా చెప్పువాడు నిజమైన పొరుగువాడు.

ఉద్యోగవిరమణము పిమ్మట అర్జీలు వ్రాయించుకొనుటకు నా యొద్దకు వచ్చువారు కొందఱు కలరు. వారికి చెప్పుమాటలనే మీకును చెప్పుచున్నాను. అర్జీలో ఒక్క విషయమే యుండవలెను. కుళాయి, కాలువ, దీపము మూడును కలిపి వ్రాసినచో అది మూడు బల్లలమధ్య తిరిగి ఏ బల్లకును చెందక పోవును. 'మా వీధి' అని విడువక వార్డు, వీధి పేరు, ఇంటినంబరు వ్రాయవలెను. తేదీ వేయవలెను. నకలు ఉంచుకొనవలెను. అర్జీ ఇచ్చినందుకు రసీదు అడిగి తీసికొనవలెను. ఎవరిని నిందింపక జరిగినది జరిగినట్లు వ్రాయవలెను. ఒక పట్టణమున మంచినీటి గొట్టము మురుగు కాలువలో మునిగియున్నదని ఒక వీధివారు నోటిమాటగా ఎన్నో పర్యాయములు చెప్పినను పని జరుగలేదు. ఇంటినంబర్లతో, చేవ్రాళ్లతో ఒక కాగితము ఇచ్చి రసీదు పుచ్చుకొన్న పిమ్మట ఆ గొట్టమును పైకెత్తి వేసిరి. నోటిమాట గాలిలో కలియును. రసీదు గల మాటకు బదులు చెప్పవలసిన వాడొకడు ఏర్పడును.

అడుగువాడు తన వంతు లెక్కయు చెప్పగలిగియుండవలెను. పన్ను బాకీ పెట్టినవానికిని, ఇంటిముందరి కాలువపై మెట్లు కట్టినవానికిని, తడిచెత్త పొడిచెత్త ఒకే సంచిలో కట్టి చీకటివేళ వీధిమలుపున విడిచివచ్చువానికిని, సంఘమును నిలదీయుటకు గొంతు పెగలదు. ఆ సంచిని విప్పి చేతులతో వేఱుచేయువారు మనవంటి మనుష్యులే అని తలచినచో మన యలవాటు మాఱకపోదు.

లెక్క చెప్పనివానికి పదవి లేదని ఉత్తరమేరూరువారు ఱాతిపై చెక్కిరి. సమ్మతిలేని పన్ను వలదని చీరాలవారు పాకలలో కాపురముండిరి. మనము చేయవలసినది అంత కష్టమైనది కాదు. వేళకు పన్ను కట్టి రసీదు దాచుకొనుట, పుట్టినవారిని పోయినవారిని నమోదు చేయించుట, నెలకొక పర్యాయమైన మన వార్డు సభ్యుని కలిసి 'మన వీధికి ఈ యేడు ఏమి వ్రాసితిరి?' అని మర్యాదగా అడుగుట. ఈ మూడు పనులు వీధికి పదిమంది చేసినను చాలును. ఆ ప్రశ్న వచ్చునని ఎఱిగిన సభ్యుడు దానికి బదులు సిద్ధము చేసికొనియే సమావేశమునకు పోవును.